స్టాపర్లు పీకే మేడం

మా కాలనీ తల్లులు నన్ను రెండు పేర్లతో పిలుస్తారు. ఎదురుగా ఉన్నప్పుడు స్కేటింగ్ మేడం. నేను అటు తిరిగానో లేదో, స్టాపర్లు పీకే మేడం. మొదటి పేరు స్కేటింగ్ నేర్పే ఏ ఆడమనిషికైనా వస్తుంది. రెండోది మాత్రం నా స్వార్జితం.

స్టాపర్ అంటే పెద్ద విషయమేం కాదు. నాలుగు చక్రాల స్కేటు బూటుకు ముందు భాగంలో, సరిగ్గా వేళ్ల కింద, ఒక రబ్బరు బిరడా ఉంటుంది. ఆగాలనుకున్నప్పుడు మడమ కాస్త ఎత్తి వేళ్ల మీద బరువేస్తే అది నేలకు రాసుకుంటుంది, మనిషి ఆగుతుంది. నాకు తెలిసిన కోచ్‌లందరూ మొదటి రోజు పిల్లలకు నేర్పేది అదే. నేను మొదటి రోజు పానా పట్టుకుని మెట్టు మీద కూర్చుని, వచ్చిన ప్రతి పిల్ల బూటు నుంచీ దాన్ని విప్పేస్తాను. విప్పినవన్నీ మా వంటింట్లో ఒక బిస్కెట్ డబ్బాలో ఉంటాయి. మా ఆయన ఓసారి టీలోకి బిస్కెట్ అనుకుని చెయ్యి పెట్టి, నన్నూ నా పుట్టింటి వాళ్లనూ కలిపి తిట్టాడు.

నాకేం పిచ్చి పట్టి ఈ పని చేయడం లేదు. మంచు మీద బోర్లా పడ్డ మనిషిని నేను. పడితే తప్ప తెలియని సంగతులు కొన్ని ఉంటాయి.

నేను పుట్టి పెరిగింది అల్వాల్‌లో. మా చర్చి వెనకాల సిమెంటు చేసిన జాగా ఉండేది. ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దవాళ్లు బయట నిలబడి ముచ్చట్లు పెట్టుకుంటుంటే మేం అక్కడ స్కేట్లు కట్టుకునేవాళ్లం. ముందు ఊరికే తిరగడం, తర్వాత కర్రలు పట్టుకుని బంతి కొట్టడం. దాన్ని రోలర్ హాకీ అంటారని మాకు చాలా రోజులకు గానీ తెలియలేదు. నేను బ్యాక్ ఆడేదాన్ని, అంటే గోల్ ముందు నిలబడి వచ్చినవాళ్లనల్లా అడ్డుకునే పని. ఇంట్లో అందరికంటే పెద్దదాన్ని కావడం వల్ల ఆ పని నాకు ముందే వచ్చు.

డిగ్రీ చదివే రోజుల్లో ఒక కబురొచ్చింది. కొండల మీద, లద్దాఖ్ వైపు, ఐస్ హాకీ పోటీలట. మన రాష్ట్రం నుంచి ఆడపిల్లల జట్టు పోవాలట. మన దగ్గర ఐసంటే సోడా బండి మీద గోనెసంచి కప్పుకుని పడుకునేదే కదా, ఎవరు ఆడతారు? ఎవరో పెద్దమనిషి, చక్రాల మీద ఆడేవాళ్లు మంచు మీద ఆడలేరా, బూటు మార్చుకుంటే సరిపోదా అన్నాడట. అంతే. రోలర్ హాకీ ఆడే మమ్మల్నందరినీ మూటగట్టి పంపారు.

మా అవ్వ నా నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. చేసి, కళ్లు తెరిచి, "గా సలిల సస్తే నా తాన్కి మల్ల రాకు," అంది.

శామీర్‌పేట చెరువు ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డు దాకా గట్టిగా బిగిసిపోయిందనుకోండి, దాని మీద లారీ నడపొచ్చనుకోండి. అట్లాంటి చెరువు మీద ఆట. అక్కడి ఆడపిల్లలు పుట్టినప్పటి నుంచీ దాని మీదే నడుస్తున్నట్టున్నారు. మాకు బూట్లు కూడా వాళ్లే ఇచ్చారు. కింద చక్రాలు లేవు, కత్తిలాంటి ఇనుప పట్టీ ఉంది. దాని ముందు కొస పడవ ముక్కులాగా గుండ్రంగా పైకి లేచి ఉంది. మెల్లగా నడిచి చూశాం, బాగానే జారుతోంది. మస్తుంది అనుకున్నాం. ఈల వేశారు. పరిగెత్తాం. ఎక్కడో ఒకచోట ఆగాలి గదా. ఆగడానికి మాకు తెలిసిన దారి ఒక్కటే. మడమ ఎత్తి వేళ్ల మీద బరువేశాం.

అక్కడ స్టాపర్ లేదు. గుండ్రటి ఇనుము ఉంది. జట్టు జట్టంతా, ఒకరి తర్వాత ఒకరం, చేతులు చాపి బోర్లా పడ్డాం. అవతలి జట్టు పిల్ల ఒకతి నా దగ్గరికి వచ్చి చాలా మర్యాదగా హిందీలో అడిగింది, మీ ఊళ్లో ఆట మొదలుపెట్టే ముందు ఇట్లా సాష్టాంగ నమస్కారం చేస్తారా అని. నవ్వడానికి నాకు తీరిక లేదు. గడ్డం పగిలింది. మొదటి భాగం అయినా పూర్తి కాకముందే నన్ను బయటికి లాగి కుట్లు వేశారు. మిగతా పోటీలన్నీ రెండు కంబళ్లు కప్పుకుని బెంచీ మీద కూర్చుని చూశాను. ఎన్ని గోల్స్ తిన్నామో అడక్కండి.

అప్పటి నుంచీ నాకు ఒక్కటే కోరిక. పతకం వద్దు, పేపర్లో ఫోటో వద్దు. మంచు మీద నిలబడి, పడకుండా, ఒక మ్యాచ్ మొదటి నుంచి చివరి దాకా ఆడాలి.

కోరిక ఉంటే సరిపోతుందా? మరుసటి ఏడు జట్టే పంపలేదు. ఆ మరుసటి ఏడూ అంతే. నాకు పెళ్లయింది, బాబు పుట్టాడు, ఎడమ మోకాలు మూలగడం మొదలుపెట్టింది. బళ్లో ఆటల టీచర్‌గా చేరాను. సాయంత్రాలు యాప్రాల్‌లో మా కాలనీ బాస్కెట్‌బాల్ కోర్టులో స్కేటింగ్, హాకీ నేర్పడం మొదలుపెట్టాను. మొదలుపెట్టిన రోజే పానా తీశాను. నా పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు మంచెక్కుతారు, ఎక్కిన రోజు నాలాగా పడకూడదు. కాబట్టి ఆగాలంటే నడుం వంచి, రెండు కాళ్లూ ఒక్కసారిగా అడ్డం తిప్పాల్సిందే. మంచు మీద ఆగే పద్ధతి అదే. నా బూట్లకూ స్టాపర్లు పీకేశాను, న్యాయం న్యాయమే.

ఇక చూడండి నా పాట్లు. ఆగడం రాని పిల్లలు వెళ్లి గోడకు గుద్దుకునేవాళ్లు, చెత్తబండికి గుద్దుకునేవాళ్లు. ఒక పిల్ల ఏకంగా కోర్టు దాటి, గేటు దాటి, నిలబెట్టి ఉన్న స్కూటీని కౌగిలించుకుని ఆగింది. మర్నాడు వాళ్లమ్మ వచ్చింది. ఆవిడ అల్వాల్‌లో మగ్గం వర్క్ చేస్తుంది, సూదిలాగే సూటి మనిషి.

"ఏంది మేడం గిది? బ్రేకులు పీకేసి బండి మీద ఎక్కిస్తరా పిల్లను? రేపు బస్సు కిందికి పోతే ఎవలు జవాబు?"

"నీ బిడ్డ బస్సు కిందికి పోదక్కా. ఇంకో నెల ఆగు, అణా బిళ్ల మీద ఆగుతది."

"నెలనా? గా నెలల ఎన్ని పండ్లు రాల్తయో!"

"రాలితే నావి పీకిస్త."

ఆవిడ నన్ను కిందికీ పైకీ చూసింది. కోపం తగ్గలేదు, కానీ మర్నాడు పిల్లను పంపింది, మోకాళ్లకు పాత దుప్పటి ముక్కలు కుట్టి మరీ పంపింది. ఆ పిల్లే తర్వాత నా దగ్గర అందరికంటే బాగా ఆడింది. నాలాగే బ్యాక్. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది.

రోలర్ హాకీ పోటీలకు పోతే మాత్రం మా పరువు తీసేవాళ్లు. స్టాపర్లు ఉన్న పిల్లలు టక్కున ఆగి టక్కున పరిగెత్తుతారు. మావాళ్లు నడుం వంచి, కాళ్లు తిప్పి ఆగే లోపల అవతల గోల్ అయిపోతుంది. కుత్బుల్లాపూర్ నుంచి వచ్చే ఒక కోచ్ అయితే నన్ను చూడగానే, "అమ్మా, ఇయ్యాల్నన్న ఆ రబ్బర్లు బిగించినవా?" అని పలకరించేవాడు. నేను నవ్వేదాన్ని. ఇంటికొచ్చి గిన్నెలు గట్టిగా తోమేదాన్ని.

అట్లాంటి రోజుల్లో నాకు ధైర్యం చెప్పింది ఫోన్లో దొరికిన ఒక ఫిన్లాండ్ ముసలాయన. ఒకప్పుడు ఐస్ హాకీ ఆటగాడట, ఇప్పుడు కోచ్. ఆయన పిల్లలకు నేర్పే వీడియోలు చూసేదాన్ని. ఒక్క ముక్క అర్థం కాదు. అర్థం కావాల్సింది కాళ్లు గదా, కాళ్లు చూసేదాన్ని. మా ఆయన మేడ్చల్‌లో మందుల కంపెనీ నుంచి డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విప్పుతూ, "ఏమంటున్నడు మీ ఫిన్లాండ్ బాపు?" అని అడిగేవాడు. ఆ ముసలాయన ఏమీ అనడు. అదే నాకు ఆశ్చర్యం. మ్యాచ్ జరుగుతుంటే జేబుల్లో చేతులు పెట్టుకుని, మంచు చుట్టూ ఉండే గోడకు ఇవతల నిలబడతాడు, అంతే. అన్నేళ్లు ఆడిన మనిషికి ఆ గోడ దూకాలనిపించదా? నాకైతే నా పిల్లలు ఆడుతుంటే కాళ్లు దురద పెడతాయి.

కిందటేడు ఆ దురదకు మందు దొరికింది. ఆడవాళ్ల ఐస్ హాకీ జట్టు మళ్లీ పంపిస్తున్నారు, సెలెక్షన్లు నగరంలోనే, ఒక మాల్‌లో ఉన్న చిన్న ఐస్ రింక్‌లో. కోచ్‌ల గ్రూపులో వచ్చిన ఆ మెసేజ్‌ను నేను మళ్లీ మళ్లీ చదివాను. వయసుకు పైన హద్దేమీ పెట్టలేదు. పిల్లల పేర్లన్నీ పంపి, చివర నా పేరు కూడా పంపేశాను.

మా ఆయనకు చెప్తే అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"నువ్వా? నీ మోకాలు మూడో మెట్టెక్కితెనే అమ్మా అంటది!"

"మంచు మీద మెట్లుండవు."

"గా పిల్లలతోని పోటీ పడ్తవా? నవ్వుతరే."

"నవ్వనీ. నాకు ఒక్క మ్యాచ్ గావాలె. నేనేం ఇల్లు రాసిమ్మన్ననా?"

ఆయన మళ్లీ అన్నం కలుపుకున్నాడు. మర్నాడు డ్యూటీ నుంచి వస్తూ మోకాలికి వేసుకునే పట్టీ తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. సైజు తప్పు తెచ్చాడు, కానీ తెచ్చాడు.

సెలెక్షన్ల ముందు కొన్నాళ్లు పిల్లలను అదే రింక్‌కు తీసుకెళ్లాను. మొదటిసారి మంచు మీద కాలు పెట్టినప్పుడు అందరూ గోడ పట్టుకుని బిక్కచచ్చి నిలబడ్డారు. నేను "ఉరుకున్రి!" అన్నాను. ఉరికారు. "ఆగున్రి!" అన్నాను. నడుం వంచి, కాళ్లు అడ్డం తిప్పారు. మంచు పొడి కొబ్బరి కోరులాగా లేచింది. ఆగారు. ఒక్కరూ బోర్లా పడలేదు. చుట్టూ జనం ఉన్నారని కూడా చూడకుండా నేను భోరున ఏడ్చాను. పిల్లలు పరేషాన్ అయిపోయి, ఏమైంది మేడం, ఏమన్న తప్పు జేసినమా అని ఒకటే అడగడం.

సెలెక్షన్లు పొద్దున్నే పెట్టారు, మాల్ ఇంకా తెరవకముందు. దుకాణాల షట్టర్లన్నీ దించి ఉన్నాయి, రింక్ మీద మాత్రం లైట్లు. కొండల మీద ఏళ్లతరబడి ఆడిన ఒక పెద్దావిడ సెలెక్టర్‌గా వచ్చింది. ముందు అందరినీ పరిగెత్తించి ఆపింది. వేరే కోచ్‌ల పిల్లలు పరిగెత్తారు, మడమలు ఎత్తారు, వరసగా నమస్కారాలు చేశారు. కుత్బుల్లాపూర్ కోచ్ నా వైపు చూడనే లేదు. నేను మాత్రం ఆయన వైపే చూస్తూ ఉన్నాను. దేవుడు నన్ను క్షమించుగాక, అంత తృప్తి నాకు ఈస్టర్ రోజు కూడా కలగలేదు.

మా పిల్లలు ఇద్దరు తేలిగ్గా జట్టులోకి వెళ్లిపోయారు. చివరికి బ్యాక్ ఆడడానికి ఒక్క చోటు మిగిలింది. ఆ చోటుకు ఇద్దరం మిగిలాం. నేనూ, మగ్గం వర్క్ అక్క కూతురూ.

పరీక్ష చాలా సులువు. ఐస్ హాకీలో బంతికి బదులు పక్ అని నల్లటి రబ్బరు బిళ్ల ఉంటుంది. సెలెక్టర్ దాన్ని మూలకు కొడుతుంది. ఇద్దరం ఒక్కచోటి నుంచి పరిగెత్తాలి. ముందు దాన్ని అందుకుని, మూల నుంచి బయటికి కొట్టినవాళ్లది గెలుపు. మూడుసార్లలో రెండు గెలిస్తే చోటు వాళ్లది.

మొదటిసారి నేను గెలిచాను. గెలిచాను అనడానికే సిగ్గుగా ఉంది. ఆ పిల్ల నా భుజం దాకా వచ్చి, పెద్దవాళ్లకు గుమ్మంలో దారిచ్చినట్టు పక్కకు జరిగింది. నాకు ఒళ్లు మండింది.

"ఏందే, నాకు దానం జేస్తున్నవా?"

"అట్ల గాదు మేడం... మీరు ముంగటుంటే నేనెట్ల..."

"నేనిక్కడ మేడం గాదు. నీ జాగ గుంజుకునెటందుకు వచ్చిన దాన్ని. ఆడ్తే ఆడు, లేకుంటే బూట్లిప్పు!"

రెండోసారి ఆడింది. అమ్మో, ఎట్లా ఆడిందని! నా పక్క నుంచి గాలిలాగా దూసుకుపోయింది. నేను సగం దూరంలో ఉండగానే పక్ బయటికి కొట్టేసి వెనక్కి తిరిగింది. చెరొకటి అయ్యింది.

మూడోసారి నిలబడ్డాం. ఇది ఓడితే ఇంకో సెలెక్షన్ ఎప్పుడో, అప్పటికి ఈ మోకాలు ఉంటుందో ఉండదో. ఈ ఒక్కటి నాకియ్యి తండ్రీ అని ప్రార్థించాను. పక్ మూలకు పోయింది. పరిగెత్తాను. పక్కన ఆ పిల్ల శ్వాస వినిపిస్తోంది. నేను పాతకాలపు బ్యాక్‌ను, దారి ఎట్లా మూయాలో నాకు తెలుసు. భుజం అడ్డం పెట్టి లోపలి దారి మూసేశాను. పిల్ల వెనక పడింది. నేను ముందున్నాను, స్పష్టంగా ముందున్నాను. పక్ ఎదురుగా కనిపిస్తోంది. చోటు నాదే. ఇక ఆగి కొట్టడమే.

ఆగడానికి నా కుడి మడమ పైకి లేచింది.

ఇన్నేళ్లుగా ఎంతమంది పిల్లలకు వద్దని మొత్తుకున్నానో, నా బూట్లకు కూడా పీకేసి ఎంత సాధన చేశానో, ఆ క్షణంలో ఒక్కటీ పనికి రాలేదు. మెల్లగా వెళ్లేటప్పుడు చెప్పిన మాట వింటాయి నా కాళ్లు. ప్రాణం పెట్టి ఉరికినప్పుడు మాత్రం చర్చి వెనకాల నేర్చుకున్నదే గుర్తు. బోర్లా పడ్డాను. పొట్ట మీద జారుకుంటూ పోయి గోడకు తగిలాను.

పక్ కూడా గోడకు తగిలి వెనక్కి వచ్చింది. నా చెయ్యి పక్కనే ఆగింది. కర్ర ఇంకా నా చేతిలోనే ఉంది. పడుకుని కొట్టినా తప్పు కాదు, లెక్కకొస్తుంది. కర్ర కొంచెం ఆడిస్తే చాలు.

వెనకాలే వచ్చిన పిల్ల నడుం వంచి, కాళ్లు తిప్పి, నా మొహానికి జానెడు దూరంలో ఆగింది. మంచు పొడి నా కళ్ల నిండా పడింది. అంత చక్కగా ఆగడం నేను ఆ ఫిన్లాండ్ ఆయన దగ్గర కూడా చూడలేదు. ఆగి, పక్ సంగతి మరిచిపోయి, నోరు తెరుచుకుని నన్నే చూస్తూ నిలబడిపోయింది.

"నన్నేం జూస్తున్నవే! పక్ తియ్! జల్దీ!"

ఆ అరుపు నాదే. నేను ఆలోచించి అరిచింది కాదు. ఆలోచించి ఉంటే కర్ర ఆడించి ఉండేదాన్ని, ఒట్టు. రోజూ సాయంత్రం కోర్టులో అరిచినట్టే అరిచాను. పిల్ల ఉలిక్కిపడి, రోజూ విన్నట్టే విని, పక్ తీసి బయటికి కొట్టేసింది.

సెలెక్టర్ ఈల వేసింది. ఆ పిల్ల పేరు చదివింది. నా దగ్గరికి వచ్చి చెయ్యి ఇచ్చి లేపి, కోచ్‌గా నువ్వు రావాలి, ఈ పిల్లలకు ఆగడం నేర్పిన మనిషి బెంచీ దగ్గర ఉండాలి అని హిందీలో అంది. నేను సరే అన్నాను. బాత్రూంలోకి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చాను. సంతోషంతో కాదు. ఓడిపోయినందుకు. ఎవరికో నచ్చుతుందని అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆ చోటు నాకు కావాలి, ఇప్పుడు ఇది రాస్తున్నప్పుడు కూడా కావాలి.

మొహం కడుక్కుని బయటికి వస్తే ఆ పిల్ల తలుపు దగ్గరే నిలబడి ఉంది. ముక్కు ఎర్రగా ఉంది.

"నేను పోను మేడం. మీరే ముందున్నరు, అందరు జూసిన్రు. మీరు అరవకుంటే నేను తియ్యకపోతుంటి. మీరు పొండ్రి, ఆంటీకి నేను జెప్త."

"ఏ ఆంటీకి?"

"గా సెలెక్షన్ ఆంటీకి."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, వాటికంటే ముందు కోపం వచ్చింది. "చెంప పగుల్తది," అన్నాను. "కింద పడ్డ మనిషిని జూసుకుంట నిలబడ్డవ్. కొండల మీద పిల్లలు నువ్వు జూసే లోపల రెండు గోల్స్ కొడ్తరు. మన టైం ఇంకెంతున్నది?"

"మాల్ తెరిచేదాంక ఉండొచ్చన్నరు మేడం."

"అయితె బూట్లిప్పినవెందుకు? కట్టుకో. గా మూలకే పో, ఫుల్ స్పీడ్ పో. ఈసారి కింద ఎవలు పడ్డా సూడకు. నేను పడ్డా సూడకు."

ఆ పిల్ల కళ్లు తుడుచుకుని, బూట్లు కట్టుకుని లోపలికి వెళ్లింది. నేను పక్ విసిరి, గోడకు ఇవతల నిలబడ్డాను.